ఫ్లెక్సీ మీద ‘బాలురు’ అని రాయమన్నదెవరు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెస్ టోర్నమెంట్లు నడిపే కమిటీ పెద్దలకు,

నమస్కారం. ‘అయ్యలారా, అమ్మలారా’ అని మొదలుపెడదామనుకున్నాను. మీ కరపత్రం కింద వరుసగా ఉన్న పేర్లు ఒకసారి చదివాక రెండో మాట కొట్టేశాను.

నేను పలాస దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. చెస్‌లో నాకు చెప్పుకోదగ్గ రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) లేదు. ఇంటర్ చదివేటప్పుడు జిల్లా స్థాయిలో రెండుసార్లు ఆడాను. పెళ్లయ్యాక మానేశాను. చాలా ఏళ్ల తర్వాత మా బడి స్టోర్ రూములో దుమ్ము పట్టిన మూడు బోర్డులు కనిపిస్తే మళ్లీ చేయి దురద పుట్టింది. ఒక పెట్టెలో నల్ల ఏనుగు తక్కువైతే దాని బదులు మందు సీసా మూత పెట్టి ఆడించాను. (దగ్గు మందు లెండి.) అప్పట్నుంచి ఆదివారాలు పిల్లల్ని వెంటేసుకుని ప్యాసింజరు ఎక్కి ఒకసారి శ్రీకాకుళం రోడ్డులో, ఒకసారి విజయనగరంలో దిగి మీ టోర్నమెంట్లకి వస్తూనే ఉన్నాను. పేరు తెలియకపోయినా నా మొహం మీలో చాలామందికి తెలుసు. హాలు చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుకుంటూ ఉంటుంది చూడండి, ఆవిడే.

పోయిన వేసవిలో జరిగిన ఒక సంగతి ఈ ఉత్తరం రాయించింది. మన రెండు జిల్లాల్లోనే ఒకచోట టోర్నమెంట్. ఊరి పేరు, నడిపినవాళ్ల పేరు రాయను. రాస్తే మాట వాళ్లొక్కరి మీదికే పోతుంది. ఇలాంటివి నేను చాలాచోట్ల చూశాను. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎడమవైపు ‘బాలుర విభాగం’, కుడివైపు ‘బాలికల విభాగం’. కుడివైపు అక్షరాల మీద తెల్లకాగితం అంటించి ఉంది. ఏమైందని అడిగితే అక్కడున్న ఆయన మర్యాదగానే చెప్పాడు.

“ఎనిమిది ఎంట్రీలే వచ్చాయి మేడం. ఎనిమిది మందికి వేరే కప్పులు, వేరే ఆర్బిటరు అంటే గిట్టుబాటు కాదు. అయినా చెస్‌లో ఆడా మగా ఏంటండీ, బుర్రతో ఆడే ఆట కదా. అందర్నీ బాలుర్లో కలిపేశాం.”

ఆడా మగా తేడా లేదు, అందుకని బాలుర్లో కలిపేశారట! ఆ రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో వచ్చేశాయి. ఆయనకి అందులో ఏమీ తేడా కనిపించలేదు. వచ్చిన ఎనిమిది మందిలో ముగ్గురి తల్లిదండ్రులు “అయితే వద్దులెండి” అని ఎంట్రీ ఫీజు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు మా బడి పిల్లలు.

ముందు ఆ ఎనిమిది సంగతి చెప్పనివ్వండి, లెక్కల టీచర్ని కాబట్టి ఊరుకోలేను. అందరూ అందరితో ఆడే పద్ధతిలో ఎనిమిది మందికి సరిగ్గా ఏడు రౌండ్లు, 28 ఆటలు. ఎవరికీ బై రాదు, అంటే జోడీ లేక ఎవరూ ఖాళీగా కూర్చోరు. పక్కన మగపిల్లలకి మీరు స్విస్ పద్ధతిలో (ప్రతి రౌండులో పాయింట్లు దగ్గరగా ఉన్నవాళ్లకి జోడీ కట్టే పద్ధతి) పెట్టింది కూడా ఏడు రౌండ్లే. అదే హాలు, అదే టైము, నాలుగు బల్లలు చాలు. అదనంగా అయ్యేది మూడు కప్పుల ఖర్చు. 1927లో లండన్‌లో మొట్టమొదటి మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు వచ్చింది పన్నెండు మంది. మీ ఎనిమిది కంటే నాలుగే ఎక్కువ. ‘పన్నెండు మందే కదా’ అని ఆరోజు ఎవరూ కాగితం అంటించలేదు. ఆ పోటీలో వేరా మెన్చిక్ 11 ఆటల్లో పదిన్నర పాయింట్లు తెచ్చుకుని గెలిచింది. 1944లో లండన్ మీద పడ్డ జర్మన్ బాంబుకి చనిపోయేదాకా ఆ టైటిల్ ఆమె చేతిలోనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ఆడవాళ్లకి చెస్‌లో వేరే పోటీ ఉండాలా వద్దా అన్నది మన ఊళ్లో పుట్టిన ప్రశ్న కాదు. ప్రపంచమంతా దాని మీద తన్నుకుంటోంది. కర్ణం మల్లీశ్వరి మన ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. బరువులెత్తే ఆటలో ఆడవాళ్లకి వేరే విభాగం ఎందుకో, వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడలో చిన్నపిల్లని అడిగినా చెబుతుంది. చెస్‌లో గుర్రం బొమ్మ ఎంత బరువుంటుంది? ఆడపిల్ల జరిపితే ఒకలా, మగపిల్లాడు జరిపితే ఒకలా బరువుంటుందా? ఈ ప్రశ్న అడిగేవాళ్లని నేను తేలిగ్గా తీసిపారేయను. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే అడిగేదాన్ని.

నా ఇంటర్ రోజుల్లో బాలికల విభాగంలో ఐదుగురం ఆడాం. నాకు రెండో స్థానం వచ్చింది. ఇంటికి కప్పు తెస్తే మా అన్నయ్య “ఐదుగురిలో రెండా? మా క్లాసులో నాకు ముప్పై మందిలో రెండు” అన్నాడు. ఆ కప్పుని అటక మీద పెట్టేశాను. తర్వాత చాలా కాలం, ఆడవాళ్లకి వేరేగా ఆట పెట్టడమంటేనే “నువ్వు అంతవరకే” అని చెప్పడం అనుకున్నాను. జుడిత్ పోల్గార్ గురించి చదివాక ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది. హంగరీ అమ్మాయి. 1991లో పదిహేనేళ్లకి గ్రాండ్‌మాస్టరై, అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టరైన బాబీ ఫిషర్ రికార్డు దాటింది. రేటింగ్ 2735 దాకా వెళ్లింది, ప్రపంచంలో ఎనిమిదో ర్యాంకు. 2002లో ఒక ర్యాపిడ్ (తక్కువ టైములో ముగించే) ఆటలో మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది. మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక్కసారి కూడా ఆడలేదు. ఆ మెట్టు ఆమెకి అక్కర్లేకపోయింది. మనకెందుకు మరి?

ఈ ప్రశ్నకి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పలాస వెళ్లే రైల్లో దొరికింది.

మా బడిలో ఒక పిల్ల ఉంది. అప్పటికి తొమ్మిదో తరగతి. తల్లి జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. కిలోల లెక్కన కూలి. తీసినంతే డబ్బు, మానితే సున్నా. పిల్ల ఆట గురించి ఎక్కువ చెప్పను, దిష్టి తగులుతుంది. మూడెత్తుల అవతల ఏముందో నాకంటే ముందే చూసేస్తుంది, అంతవరకు చాలు. మొదటిసారి టోర్నమెంట్‌కి తీసుకెళ్తానని అడగడానికి వాళ్లింటికి వెళ్తే తల్లి అన్న మాట ఇది: “ఆడగుంటనొక్కద్దాన్నీ అంత దూరం ఎలాగ పంపీమంటారు టీచరమ్మా? నానొత్తే ఆ రోజు కూలి పోద్ది.” మగపిల్లాడైతే ఈ మాట రాదు. మా బడి మగపిల్లలు ఏడో తరగతి నుంచే నలుగురు కలిసి రైలెక్కి వచ్చేస్తారు. ఆడపిల్ల కదలాలంటే ఇద్దరు కదలాలి. ఇద్దరి టికెట్, ఇద్దరి భోజనం, ఒకరి కూలి. మీ కరపత్రంలో ఎంట్రీ ఫీజు అందరికీ ఒకటే అని గొప్పగా ఉంటుంది. నిజంగా ఒకటి కాదు.

ఆ రోజు నేనే బాధ్యత తీసుకుని తీసుకొచ్చాను. ఓపెన్‌లోనే, అంటే ఆడా మగా అందరూ ఆడే విభాగంలోనే ఆడింది. ఏడు రౌండ్ల పోటీలో ఆరు రౌండ్లకి ఐదు పాయింట్లు. స్విస్ పద్ధతిలో గెలిచినవాళ్లకి గెలిచినవాళ్లే తగులుతారు కాబట్టి అది ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏడో రౌండులో రెండో బోర్డు. అప్పటికి భోజనాల దగ్గర గంట, ముఖ్య అతిథి కోసం ముప్పావు గంట ఆలస్యమైంది. ఆయన వచ్చి, చదరంగం మేధస్సుకి పదును పెడుతుందని ఇరవై నిమిషాలు చెప్పి వెళ్లారు. ఎవరికి ఎవరో చెప్పే ఏడో రౌండు పెయిరింగ్స్ గోడ మీద అంటించేసరికి చీకటి పడింది. ఆఖరి ప్యాసింజరు పోతే ఆ పిల్లని ఇంటికి చేర్చే దారి నాకు లేదు. బోర్డు దగ్గర చేయి కలపకుండానే వచ్చేశాం. అవతలి పిల్లాడికి వాకోవర్. రైల్లో ఆ పిల్ల ఏడవలేదు. కిటికీలోంచి చూస్తూ, “అతను కింగ్స్ ఇండియన్ ఎత్తులతో మొదలుపెడతాడు టీచర్, నేను రెడీగానే ఉన్నాను” అంది, అంతే.

వారం తర్వాత ఎవరో చేత ‘ఉత్తమ బాలిక’ కప్పు మా బడికి పంపించారు. మూత ఊడిపోయి వచ్చింది.

మన ఆడపిల్లల రేటింగ్ ఎందుకు తక్కువ అని అడిగేవాళ్లు ఆ ఏడో రౌండు లెక్క కూడా వేసుకోవాలి. ఆఖరి రౌండు ఆడకుండా లేచి వెళ్లినవాళ్లలో ఆడపిల్లలెందరో మీ దగ్గరున్న పాత చార్టులు తీసి చూడండి. ఆ పాయింట్లన్నీ రైలు టైముకి పోయినవి.

ఇంకో లెక్క. విజయనగరం మామిడికాయల మార్కెట్‌కి రెండు బస్తాలు వచ్చాయనుకోండి. ఒకే తోట, ఒకే చెట్టు. ఒక బస్తాలో 160 కాయలు, ఇంకో దాంట్లో 10. అన్నిటికంటే పెద్ద కాయ ఏ బస్తాలో ఉంటుంది? పదిహేడు సార్లలో పదహారు సార్లు పెద్ద బస్తాలోనే ఉంటుంది. దాన్ని చూసి ‘చిన్న బస్తా కాయ జాతి తక్కువ’ అంటే రైతు నవ్వుతాడు. 2009లో కొందరు పరిశోధకులు జర్మనీ చెస్ ఫెడరేషన్ జాబితా తీసుకుని ఇదే లెక్క వేశారు. అక్కడ ఒక ఆడ ప్లేయరుకి పదహారు మంది మగ ప్లేయర్లున్నారు. మొదటి వంద మంది మగవాళ్లకీ మొదటి వంద మంది ఆడవాళ్లకీ మధ్య ఉన్న రేటింగ్ తేడాలో 96 శాతం ఈ సంఖ్యల తేడాతోనే వచ్చేస్తుందని తేల్చారు. ఆ పద్ధతిని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, అది దాచను. ఆడ ప్లేయర్లు ఎందుకు తక్కువ వస్తున్నారన్నది ఆ లెక్క చెప్పదు కూడా. ఇంటర్నెట్‌లో ఆడించి 2008లో ఇటలీలో చేసిన ఇంకో పరీక్షలో, అవతల ఉన్నది మగవాడని తెలిస్తే ఆడవాళ్ల ఆట పడిపోయింది. అదే మనిషిని ఆడమనిషి అని నమ్మిస్తే సమానంగా ఆడారు. 2018లో వేరే పరిశోధకుడు అసలు టోర్నమెంట్ ఆటలు లక్షల్లో తీసి చూస్తే దీనికి సరిగ్గా తలకిందులుగా వచ్చింది, మగవాళ్లతో ఆడేటప్పుడు ఆడవాళ్లు అంచనా కంటే కొంచెం మెరుగ్గానే ఆడుతున్నారని. కాబట్టి పరిశోధనల పేరు చెప్పి ఎవరైనా మీ ముందు గట్టిగా బల్ల గుద్దితే నమ్మకండి, నేను గుద్దినా సరే.

టెన్షన్ మాత్రం నేను కళ్లారా చూశాను. అయితే అది ఎక్కువగా ఎదుటి బల్ల దగ్గరే ఉంటుంది. ఓడిపోయిన కొడుకుని గేటు దగ్గర నిలబెట్టి “ఆడగుంట చేతిలో ఓడిపోడానికేట్రా నీకు కోచింగు?” అని అరిచిన తండ్రిని చూశాను. గెలిచిన పిల్ల పక్కనే నిలబడి ఉంది, తనే ఏదో తప్పు చేసినట్టు. ఈ జబ్బు పాతదే. 1929లో కార్ల్స్‌బాడ్‌లో పెద్ద టోర్నమెంట్. ఇరవై రెండు మంది ఆటగాళ్లు, అందులో ఒక్కతే ఆడమనిషి, ఆ వేరా మెన్చికే. ఆల్బర్ట్ బెకర్ అనే వియన్నా ఆటగాడు, ఆవిడ చేతిలో ఓడిపోయినవాళ్లందర్నీ ‘వేరా మెన్చిక్ క్లబ్బు’లో సభ్యులుగా చేర్చుకుందామని వేళాకోళం చేశాడు. మొదటి సభ్యుడు ఆయనే అయ్యాడు. నిజానికి ఆ టోర్నమెంట్‌లో మెన్చిక్ ఆఖరి స్థానంలో నిలిచింది. అయినా వందేళ్లు గడవబోతున్నా చెస్ ఆడేవాళ్లకి బెకర్ పేరు గుర్తుండేది ఆ ఓటమి వల్లే.

ఆ క్లబ్బులో తర్వాత చేరినవాళ్లలో డచ్ ఆటగాడు మాక్స్ ఊవే ఉన్నాడు. 1935లో ప్రపంచ చాంపియన్ అయిన మనిషి, మెన్చిక్ చేతిలో రెండుసార్లు ఓడాడు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, మన దేశం కథలో మళ్లీ వస్తాడు.

1976. ముంబైలో ఖాడిల్కర్ అక్కచెల్లెళ్లు ముగ్గురూ చెస్‌లో దిట్టలు. చిన్నది రోహిణి, పదమూడేళ్ల పిల్ల. జాతీయ పురుషుల చాంపియన్‌షిప్‌లో ఆడతానంది. పెద్ద గొడవైంది. హైకోర్టు దాకా వెళ్లి గెలవాల్సి వచ్చింది. అప్పుడు ప్రపంచ చెస్ సమాఖ్య అధ్యక్షుడు ఈ మాక్స్ ఊవేనే. జాతీయ పోటీలైనా అంతర్జాతీయ పోటీలైనా ఆడవాళ్లని రానివ్వం అనడానికి వీల్లేదని ఆయన తేల్చేశాడు. ఆడమనిషి చేతిలో రెండుసార్లు ఓడిన మనిషికి ఆ తీర్పు చెప్పడానికి పెద్దగా ఆలోచించాల్సిన పని పడి ఉండదని నా అనుమానం.

అంటే ఇప్పటికి దాదాపు యాభై ఏళ్లు. చెస్‌లో మగవాళ్ల పోటీ అనేది లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్ ఒకటి ఉంది, ఎవరైనా ఆడొచ్చు. మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ ఒకటి ఉంది, అది మహిళలకి. దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్‌లోనూ అంతే, ఒకటి ఓపెన్, ఒకటి మహిళలది. 2024లో బుడాపెస్ట్‌లో మన దేశానికి ఆ రెండిట్లోనూ బంగారం వస్తే మన పత్రికల్లో కొన్ని ‘పురుషుల జట్టు, మహిళల జట్టు’ అని రాశాయి. వాళ్లని చూసి మీరు, మిమ్మల్ని చూసి వాళ్లు. ఫ్లెక్సీ మీద ‘ఓపెన్’ అని రాయాల్సిన చోట మీరు ‘బాలురు’ అని రాయడంతో, కోర్టుకెళ్లి తెరిపించిన తలుపు మన ఊళ్లో డిజైన్ చేసే కుర్రాడి కంప్యూటర్లో మూసుకుపోయింది. ఆ మాట చదివిన తల్లి తన కూతుర్ని అటువైపు పంపదు. పిల్ల కూడా అటు తనది కాదనే అనుకుంటుంది.

తెలుగులో ఇంకో తమాషా ఉంది. ఇంగ్లీషువాళ్లకి బోర్డు మీద అన్నిటికంటే బలమైన పావు క్వీన్. మనకది మంత్రి. మా బడి ఆడపిల్లలు ముందు క్వీన్ అని నేర్చుకుని, ఇంటికెళ్లి తాతతో ఆడితే ‘మంత్రి’ అని సరిదిద్దించుకుని వస్తారు. రాణిగారికి పదవి పోయిందని నవ్వుకుంటారు. నేనేమీ చెప్పను, పాత మాటే నాకూ ఇష్టం.

అయితే తలుపు తెరిచే ఉంది కదా, వేరే విభాగం తీసేద్దాం అంటారా? వద్దు. అటక మీద కప్పు పెట్టుకున్న నేనే చెప్తున్నాను, వద్దు. కోనేరు హంపినే చూడండి. గుడివాడలో పుట్టిన అమ్మాయి. 1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిళ్లు. మరుసటి ఏడాది అహ్మదాబాద్‌లో ఆసియా పన్నెండేళ్లలోపు పోటీలో మగపిల్లలతో ఆడి గెలిచింది. 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజులకి గ్రాండ్‌మాస్టర్. ఆడవాళ్లలో పోల్గార్ రికార్డు పోయింది. పాప పుట్టినప్పుడు రెండేళ్లు ఆటకి దూరంగా ఉండి, వెనక్కి వచ్చి 2019లో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది, 2024లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది. 38 ఏళ్ల వయసులో, 2025 జూలైలో, జార్జియా దేశంలోని బతూమీలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ ఆడి పంతొమ్మిదేళ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది. ఒక చేతిలో బాలికల కప్పు, ఇంకో చేతిలో ఓపెన్ కప్పు. ఒకటి పట్టుకో, రెండోది వదులు అని ఆమెతో ఎవరూ అనలేదు. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నెలలు నిండిన కడుపుతో కూర్చుని ఆడింది. మహిళల జట్టుకి కంచు వచ్చింది. మహిళల విభాగమే లేకపోతే ఆ బల్ల ముందు ఆ కుర్చీ ఉండేది కాదు.

పోల్గార్ పేరు ఎత్తేవాళ్లకి ఒక చిన్న మాట. 1988లో హంగరీ మహిళల జట్టు ఒలింపియాడ్ బంగారం గెలిచినప్పుడు ఆ జట్టులో నలుగురు. ముగ్గురు పోల్గార్ అక్కచెల్లెళ్లే. జుడిత్‌కి అప్పుడు పన్నెండేళ్లు.

వేరే విభాగంలోనే ఉండిపోతే ఏమవుతుందో కూడా ఆ ఇంటి కథలోనే ఉంది. ఆడవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లతోనే ఆడుతున్నారు కాబట్టి వాళ్ల రేటింగులు ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉన్నాయని 1986లో ప్రపంచ సమాఖ్య ఒక నిర్ణయం తీసుకుంది. ఆడుతున్న మహిళలందరికీ తలా వంద పాయింట్లు ఊరికే కలిపారు. ఒక్క సూసన్ పోల్గార్‌కి తప్ప. ఆమె మగవాళ్లతో ఆడుతోంది కాబట్టి. దాంతో 1987 జనవరి జాబితాలో మొదటి స్థానం ఆమె చేతిలోంచి పోయింది. పరీక్ష వేరే పెట్టి, తర్వాత మార్కులు కలిపితే ఎలా ఉంటుందో టీచర్లకి తెలుసు. చదివిన పిల్లకే అన్యాయం జరుగుతుంది. నాలుగుసార్లు మహిళల ప్రపంచ చాంపియన్ అయిన చైనా అమ్మాయి హౌ యిఫాన్ కూడా ఆ టైటిల్ పోటీల్లోంచి తప్పుకుని ఓపెన్ వైపు వెళ్లింది.

మహిళల టైటిళ్ల మీద నా అభిప్రాయం వేరు, అడక్కపోయినా చెప్తాను. మహిళా గ్రాండ్‌మాస్టర్‌కి కావాల్సిన రేటింగ్ 2300. మామూలు ఇంటర్నేషనల్ మాస్టర్‌కే 2400 కావాలి, గ్రాండ్‌మాస్టర్‌కి 2500. పేరులో గ్రాండ్‌మాస్టర్ ఉంది, మెట్టు మాత్రం రెండు మెట్ల కింద. ఇది నాకు నచ్చదు. పోటీలు ఉండాలి, ఆ తగ్గింపు బిరుదులు నెమ్మదిగా పోవాలి. ఇది ఒప్పుకోని ఆడ ప్లేయర్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లకి ఆ బిరుదుతోనే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వచ్చి ఉండొచ్చు. నా మాట పట్టుకుని మీరేమీ చేయొద్దు, అది మీ చేతిలోదీ కాదు.

మీ చేతిలో ఉన్నవి చాలా చిన్నవి. ఫ్లెక్సీ మీద ‘బాలురు’ తీసి ‘ఓపెన్’ అని రాయడానికి పైసా ఖర్చు లేదు. ‘ఆడపిల్లలు కూడా ఆడవచ్చు’ అని కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస వేస్తే ఇంకా మంచిది. బాలికల విభాగానికి ఎనిమిది మంది వచ్చినా, ఆరుగురు వచ్చినా నడపండి. ఆ విభాగానికి ఇచ్చే బల్లలు వంటవాళ్ల గిన్నెల చప్పుడు పక్కన వరండాలో కాకుండా హాల్లోనే వేయండి. జిల్లా సెలక్షన్లు మాత్రం ఓపెన్, బాలికలు రెండూ ఒకే రోజు పెట్టకండి. పక్కపక్క గదుల్లో ఒకే గంటకి మొదలుపెట్టి “నీ ఇష్టమమ్మా, ఎందులోనైనా ఆడు” అంటే అందులో ఇష్టం ఎక్కడుంది? బాలికల్లో ఆడితే రాష్ట్రానికి వెళ్లే అవకాశం, ఓపెన్‌లో ఆడితే గట్టి ఆట. తెలివైన తల్లిదండ్రులు మొదటిదే ఎంచుకుంటారు, నేనైనా అదే చెప్తాను. అలా ఏటా ఎంచుకుంటూ పోతే మన దగ్గర మంచి ఆడపిల్ల ఆ గది దాటి బయటికి రాదు. రెండింటికీ వారం ఎడం పెట్టండి. మళ్లీ రెండుసార్లు రైలు, రెండుసార్లు తల్లి కూలి అని మీరు నన్నే నిలదీయొచ్చు. నిజమే. మొదటిది శ్రీకాకుళంలో పెట్టి రెండోది పలాస వైపో టెక్కలి వైపో పెడితే సగం తగ్గుతుంది. మగపిల్లలే ఒకసారి రైలెక్కి మావైపు వస్తారు. పోనీ, ఒకటి పెద్ద పరీక్షల తర్వాత సెలవుల్లో పెట్టండి. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, కూర్చుని మాట్లాడుకుంటే వస్తుంది. ఆ కూర్చునే దగ్గర ఇద్దరు ఆడపిల్లల తల్లుల్ని కూడా కూర్చోబెట్టండి. టైమ్‌టేబుల్ ఎక్కడ తేడా కొడుతుందో వాళ్లకి మీకంటే, నాకంటే బాగా తెలుసు.

ముఖ్య అతిథిని ఉదయం పిలవండి. రాకపోతే ఆయన కోసం గడియారాలు ఆపకండి.

దసరా సెలవుల్లో మీ టోర్నమెంట్ ఉందని విన్నాను. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ చూసి వెళ్లే జనంతో రైళ్లు కిటకిటలాడే రోజులు కాబట్టి సిరిమానుకి రెండు మూడు రోజులు అటో ఇటో పెడితే మేలు. ఆరుగురు ఆడపిల్లలు వస్తారు, నాతో కలిపి ఏడుగురం. వాళ్లలో నలుగురు బాలికల్లో, ఇద్దరు ఓపెన్‌లో. ఆ ఇద్దరిలో ఒకతి మీ పాత రెండో బోర్డు పిల్లే, పదో తరగతికి వచ్చింది. తల్లి ఈసారి తనే వెంట వస్తానంటోంది, అప్పుడు ఎనిమిదిమందిమి. ఫీజు ముందే కట్టేస్తాను.

కరపత్రంలో ఆఖరి రౌండు ఎన్నింటికో తప్పకుండా వేయండి. వేసిన టైముకే మొదలుపెట్టండి. తిరుగు రైలు చూసుకుని టికెట్లు తీయాలి.

ఇట్లు,
పలాస నుంచి ఒక లెక్కల టీచరు